మూడో రోజు సూది

మా కోనసీమలో పంది అంటే జంతువు కంటే ముందు తిట్టు గుర్తొస్తుంది. ఒళ్లు వంచని వాడు పంది, బురదలో ఆడొచ్చిన పిల్లాడు పంది, రెండోసారి అన్నం పెట్టించుకున్న బావ కూడా పందే. అమలాపురంలో డ్రెయిన్ పక్కనో, రాజోలు దగ్గర ఊరి చివర దిబ్బ మీదో నిజం పంది కనబడితే మాత్రం ముక్కు మూసుకుని బండి స్పీడు పెంచేస్తాం. అలాంటి జంతువు మీద సాహితీ క్లబ్ పత్రికలో వ్యాసమేంటండీ అని మీరు అడగొచ్చు. చెప్పాల్సిన సంగతి ఉంది కాబట్టే రాస్తున్నాను.

నా మాట ముందే చెప్పేస్తాను. రక్తహీనత విషయంలో ఒక మంచి ఫారంలో పుట్టిన పందిపిల్ల మీద పెట్టే శ్రద్ధ, మన లేడీస్ హాస్టల్లో ఉండే అమ్మాయి మీద ఎవరూ పెట్టట్లేదు. తిండిలో ఏది తక్కువైతే ఒంట్లో ఏం జరుగుతుందో మనకి చెప్పడానికి వందేళ్లుగా పందిపిల్లలు ల్యాబుల్లో జబ్బు పడుతున్నాయి, చస్తున్నాయి. అలా వచ్చిన జవాబుని పుస్తకంలో పెట్టి మూసేయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. జంతువుకీ అన్యాయమే, మనకీ అన్యాయమే.

ముందు లెక్క చూద్దాం, మనం ఇంజనీరింగ్ వాళ్లం కదా. పందిపిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో సుమారు 50 మిల్లీగ్రాముల ఇనుము తెచ్చుకుంటుంది. మూడు వారాల్లో దాని బరువు నాలుగు రెట్ల దాకా పెరుగుతుంది. ఆ వేగానికి సరిపడా రక్తం తయారవ్వాలంటే రోజుకి 7 మిల్లీగ్రాముల దాకా ఇనుము కావాలి. తల్లి పాల నుంచి వచ్చేది రోజుకి సుమారు 1 మిల్లీగ్రాము. అంటే రోజుకి 6 లోటు. 50ని 6తో భాగించండి, ఎనిమిది రోజులు. రెండో వారంలోకి వచ్చేసరికి పుట్టుకతో తెచ్చుకున్న నిల్వ ఖాళీ. తల్లికి ఇనుము ఎక్కువ పెడితే పాలలో పెరుగుతుందా అంటే, అదీ పెద్దగా పెరగదు.

మరి వేల ఏళ్లుగా పందులు ఎలా బతికాయి? మట్టి వల్ల. పందిపిల్ల పుట్టిన కొద్ది రోజులకే మూతితో నేల తవ్వడం మొదలుపెడుతుంది. ఆ మట్టిలో ఇనుము ఉంటుంది. మనం అసహ్యించుకునే ఆ బురద దానికి టానిక్ సీసా. బయట తిరిగే పందిపిల్లలకి ఈ రకం రక్తహీనత అరుదు. అలాగని డ్రెయిన్లో తిరగడం మంచిదని నేను అనట్లేదు. మనుషులు బయటికి వెళ్లే చోట పంది మేస్తే బద్దెపురుగు రోగం దానికీ వస్తుంది, మనకీ వస్తుంది. నేను చెప్పేది ఇనుము సంగతి మాత్రమే.

సిమెంటు గచ్చు వచ్చాక కథ మారింది. శుభ్రంగా కడిగిన గచ్చు మీద పుట్టిన పిల్లలు రెండు మూడు వారాలకి తెల్లగా పాలిపోయేవి. వెంట్రుకలు గరుకెక్కేవి, నాలుగడుగులు నడిస్తే డొక్కలు ఎగరేసేవి, బాగా ఎదిగిన పిల్ల ఉన్నట్టుండి చచ్చిపోయేది. ఎక్కువ పాలు తాగి బలంగా పెరిగే పిల్లకే ఇది ముందొచ్చేది, ఎందుకంటే దానికే ఇనుము ఎక్కువ కావాలి. స్కాట్లండ్‌లో ఆబర్డీన్ దగ్గర రోవెట్ సంస్థలో మెక్‌గోవన్, క్రిక్టన్ అనే ఇద్దరు 1923, 1924లలో దీన్ని పట్టుకున్నారు. అంటురోగమూ కాదు, జాతి దోషమూ కాదు, ఇనుము లోటు అని చూపించారు. ఆ తర్వాత రైతులు గచ్చు మీద మట్టిపెళ్లలు వేయడం, ఆడపంది పొదుగుకి అన్నభేది కలిపిన నీళ్లు పూయడం లాంటి ఉపాయాలు పట్టారు. 1950లలో బ్రిటన్‌లో ఐరన్ డెక్స్‌ట్రాన్ అనే ఇంజెక్షన్ వచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ఏ పద్ధతైన ఫారంలో చూసినా, పుట్టిన మూడో రోజుకి అటూ ఇటూగా ప్రతి పిల్లకీ 200 మిల్లీగ్రాముల ఇనుము సూది పడుతుంది. పిల్ల పాలిపోయిందా లేదా అని ఎవరూ ఆగి చూడరు. లోటు వస్తుందని ముందే తెలుసు కాబట్టి ముందే ఇచ్చేస్తారు.

ఇదంతా ఎక్కడో స్కాట్లండ్ గొడవ అనుకోకండి. తిండిలో లోటు వల్ల వచ్చే జబ్బుల చరిత్రలో మన గోదావరి డెల్టాకి పెద్ద పేరే ఉంది, అయితే అది గర్వపడే పేరు కాదు. బ్రిటిష్ కాలంలో ఇండియాలో బెరిబెరి ప్రధానంగా ఉన్నది ఉత్తర సర్కారుల్లో, అంటే గంజాం నుంచి గుంటూరు దాకా మన కోస్తాలో. కారణం మన అన్నమే. మిగతా మద్రాసు ప్రెసిడెన్సీలో చాలామంది ఉప్పుడు బియ్యం తినేవారు. వడ్లు ఉడకబెట్టినప్పుడు పొట్టులో ఉన్న బీ1 విటమిన్ కొంత గింజలోకి దిగుతుంది, మర పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్లకి ఉప్పుడు బియ్యం వాసన పడదు. పచ్చి వడ్లు మర పట్టించి, మల్లెపువ్వులా ఉండాలని పాలిష్ మీద పాలిష్ వేయించుకున్నాం. విటమిన్ అంతా తవుడులోకి పోయింది. తవుడు కుడితిలో కలిసి గేదెకి పోయింది, ఊరి పందికీ పోయింది. బలం పశువులకి, బెరిబెరి మనుషులకి!

ఈ జబ్బు కోసమే 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ చేతుల మీదుగా బెరిబెరి ఎంక్వైరీ అని ఒక చిన్న పరిశోధన మొదలైంది. అదే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు పెట్టుకుంది. తార్నాక వైపు వెళ్లినప్పుడు మీరు చూసే ఎన్‌ఐఎన్ గేటు అదే. ఆ గేటు వెనక కథ మన కోస్తా వాళ్ల అన్నం కంచంతో మొదలైందని మనలో ఎంతమందికి తెలుసు?

బెరిబెరిలో పందుల పాత్ర కూడా వినండి. మొదట్లో ఈ జబ్బు సంగతి బయటపెట్టింది జావాలో ఐక్‌మన్ కోళ్లు. పాలిష్ బియ్యం తిన్న కోళ్లకి కాళ్లు పడిపోయాయి. కాబట్టి బీ1 లేకపోతే నరాలు దెబ్బతింటాయని అందరూ అనుకున్నారు. 1940లలో అమెరికాలో మాక్స్‌వెల్ వింట్రోబ్ బృందం పందిపిల్లలకి ఒక్కో బీ విటమిన్ తీసేసిన తిండి పెట్టి చూసింది. 1943లో వాళ్లు అచ్చువేసిన ఒక వ్యాసం ప్రకారం, బీ1 లేని పందుల్లో నరాలు చెడలేదు, గుండె కండరం చచ్చింది. మనుషుల్లో బెరిబెరి ఒకరికి కాళ్ల తిమ్మిరిగా, ఇంకొకరికి గుండె వాపుగా ఎందుకు కనిపిస్తుందో ఆలోచించడానికి కోడి ఒక్కటే చాలదని అలా తేలింది. అదే బృందం పాంటోథెనిక్ ఆమ్లం తీసేస్తే పందులు బాతుల్లా కాళ్లెత్తి నడవడం, బీ6 తీసేస్తే రక్తహీనత రావడం చూసింది.

ఇంకొకటి, నాకు చదివినప్పుడు ఒళ్లు జలదరించింది. 1933 ప్రాంతంలో టెక్సాస్‌లో ఫ్రెడ్ హేల్ అనే పరిశోధకుడు ఒక ఆడపందికి విటమిన్ ఏ లేని తిండి పెట్టాడు. అది 11 పిల్లల్ని ఈనింది. ఒక్క దానికీ కనుగుడ్డు లేదు. అదే వంశం పందులకి విటమిన్ ఏ సరిగా అందిస్తే, పుట్టిన పిల్లలకి కళ్లు మామూలుగా ఉన్నాయి. అంగవైకల్యం అంటే రక్తంలో దోషమో, పూర్వజన్మ పాపమో అనుకునే రోజుల్లో, తల్లి తిండి కూడా కారణం కావచ్చని ఆ 11 గుడ్డి పిల్లలు రుజువు చేశాయి. మన దేశంలో 1970 నుంచి చిన్నపిల్లలకి ఆరు నెలలకోసారి వేస్తున్న విటమిన్ ఏ చుక్కల వెనక హైదరాబాద్ సంస్థ పని ఉంది. అంతకంటే వెనక్కి వెళితే ఇలాంటి జంతువుల వరస ఒకటి ఉంది.

ఇప్పుడు మన వాళ్ల పేరు ఒకటి రావాలి. రాజోలు నుంచి దిండి మీదుగా చించినాడ వంతెన దాటి పాలకొల్లు వైపు వెళితే ఆ పక్కనే భీమవరం. అక్కడ 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే పేగుల జబ్బు పొట్టన పెట్టుకుంది, ఆయన్నీ వదల్లేదు. తిన్నది ఒంటికి పట్టదు, రక్తం తయారవదు. ఆ మనిషే అమెరికాలో లెడర్లీ ల్యాబుల్లో పరిశోధన నడిపించి, 1945 నాటికి ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని ల్యాబులో తయారుచేసింది. ఆ దశకం చివర్లో ఫోలిక్ ఆమ్లం అందకపోతే రక్తం ఏమవుతుందో చూడటానికి మళ్లీ పందులనే వాడారు. ప్రభుత్వ ఆసుపత్రిలో, బడిలో ఇచ్చే ఐరన్ గోళీ చూశారా? అందులో రెండే మందులు, ఇనుము, ఫోలిక్ ఆమ్లం. ఆ గోళీలో సగం మన భీమవరం ఆయన కష్టం. మిగతా సగాన్ని చూస్తే నాకు రోవెట్ గచ్చు మీద పాలిపోయిన పందిపిల్లలు గుర్తొస్తాయి.

అంత చరిత్ర ఉన్న గోళీ మన దాకా వస్తోందా?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, అంటే 2019-21 నాటి ఐదో విడత ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత ఉంది. ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి 63. కొబ్బరి, వరి, చేప, అరటి అన్నీ పండే నేల మాది, అన్నపూర్ణ అని గొప్పగా చెప్పుకుంటాం. కడుపు నిండటం వేరు, రక్తం నిండటం వేరు.

పోయిన ఏడాది మా కాలేజీలో రక్తదాన శిబిరం పెట్టారు. మా రూమ్‌లో నలుగురం వెళ్లాం. రక్తం ఇవ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. నాకు 10.4 వచ్చింది. మాలో ఒక్కరికి మాత్రమే 12.5 దాటింది. "సరిగ్గా తినమ్మా" అని చెప్పి పంపించేశారు. క్యూలో నా ముందున్న జూనియర్‌కి 9 చిల్లర. ఆ పిల్ల నవ్వుతూ "హమ్మయ్య, సూది తప్పిందక్కా" అంది. సాయంత్రం స్టేజీ మీద ఎన్ని యూనిట్లు సేకరించారో ప్రకటించారు, చప్పట్లు కొట్టాం. ఎంతమందిని వెనక్కి పంపారో, వాళ్లకి ఏమైందో ఎవరూ అడగలేదు. ఆ కాగితాలు ఎక్కడున్నాయో కూడా తెలీదు. ఆలోచించండి, డబ్బు ఖర్చు లేకుండా ఒక్క రోజులో వందల మంది హిమోగ్లోబిన్ కొలిచేశాం. ఇంతమంచి డేటా చేతికొస్తే చెత్తబుట్టలో వేసింది డేటా సైన్స్ చదువుతున్న కాలేజీ!

"నీరసమే కదా, అందరికీ ఉంటుంది" అంటారు. 2012లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పందిపిల్లలకి ఇనుము తక్కువ ఉన్న పాలు పట్టి పెంచారు. టీ ఆకారంలో ఉన్న దారిలో పాలు ఎటువైపు ఉన్నాయో నేర్చుకోమని పెట్టారు. ఇనుము సరిపడా ఉన్న పిల్లలు నేర్చుకున్నాయి. తక్కువైన పిల్లలు వెనకబడ్డాయి. పందిపిల్ల మెదడు ఎదిగే తీరు మన పసిపిల్లల మెదడుకి దగ్గరగా ఉంటుంది కాబట్టే ఈ పనికి దాన్ని ఎంచుకున్నారు. పసివయసు లోటూ మన వయసు లోటూ ఒకటే అని నేను అనట్లేదు. కానీ ఇనుము అంటే రక్తం రంగు మాత్రమే కాదు, మెదడు పని కూడా అని అది చెప్తోంది. రేపు తల్లులయ్యేది ఈ హాస్టల్ అమ్మాయిలే కాబట్టి పసిపిల్లల సంగతి కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది.

ఇక్కడ నా క్లాస్‌మేట్ ఒకడు ఎప్పుడూ ఎదురు ప్రశ్న వేస్తాడు. "అయితే జంతువుల మీద ప్రయోగాలు కరెక్టే అంటావా?" తేలిగ్గా అవుననీ అనలేను, కాదనీ అనలేను. కళ్లు లేకుండా పుట్టిన ఆ 11 పిల్లల్ని తలుచుకుంటే కాదనాలనిపిస్తుంది. విటమిన్ ఏ చుక్కలతో చూపు దక్కిన పిల్లల్ని తలుచుకుంటే నోరు రాదు. నా మటుకు నేను ఒక గీత గీసుకున్నాను. జవాబు తెలియని ప్రశ్న అయితే, వేరే దారి లేకపోతే, ఒప్పుకుంటాను. జవాబు తెలిసిన ప్రశ్నకి, కేవలం పేపర్ పబ్లిష్ చేసుకోవడానికి ఇంకో గుంపు పందిపిల్లల్ని ఎండగడితే ఒప్పుకోను. ఇది నా సొంత తెలివి కాదు. 1959లోనే రస్సెల్, బర్చ్ అనే ఇద్దరు ఇంగ్లీషు శాస్త్రవేత్తలు మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువు బదులు వేరేది వాడు, వాడక తప్పకపోతే తక్కువ వాడు, వాడిన దానికి బాధ తగ్గించు. మన దేశంలో 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద ఏర్పడ్డ కమిటీ దీనికి నాలుగోది కలిపింది. పని అయిపోయాక ఆ జంతువుకి బతుకుతెరువు చూపించు అని. ఆ నాలుగో మాట మన దేశం కలిపిందంటే నాకు సంతోషంగా ఉంటుంది.

నేనైతే ఐదోది కూడా కలుపుతాను. జంతువు ప్రాణం పెట్టి తెచ్చిన జవాబుని వాడు. వాడకపోతే ఆ ప్రయోగం ఎంత పద్ధతిగా చేసినా హింసే మిగులుతుంది, ఫలితం మిగలదు.

అసలు తేడా ఎక్కడుందో కూడా చెప్పాలి. ఫారంలో పందిపిల్ల చస్తే యజమాని ఖాతాలో నష్టం పడుతుంది. అందుకే సూది ఆగదు. మన ఒంట్లో రక్తం తగ్గితే ఎవరి ఖాతాలోనూ పడదు. మెస్ బిల్లులో పడదు, కాలేజీ ర్యాంకింగ్‌లో పడదు, ప్లేస్‌మెంట్ శాతంలో పడదు. రెండో పీరియడ్‌కే తల వాల్చేసిన అమ్మాయి బద్ధకస్తురాలు అనిపించుకుంటుంది, అంతే. ఆ "పంది" తిట్టు మళ్లీ గుర్తుచేసుకోండి. ఇంకో మాట, పందిని తిట్టుగా వాడే నోటికి పందుల్ని పెంచుకుని బతికే ఎరుకల కుటుంబాలంటే కూడా అదే చులకన. తిరుపతి పశువైద్య విశ్వవిద్యాలయంలో పందుల పెంపకం మీద పరిశోధన కేంద్రమే ఉంది. సర్కారుకి అది శాస్త్రం, ఊళ్లో మాత్రం అది అంటు. ఈ చూపు మారకుండా మనం సైన్స్ చదివి ఏం లాభం?

సరే, వ్యాసం రాసి ఊరుకుంటే లాభం లేదు. మన కాలేజీలో ఈ సెమ్‌లోనే చేయగలిగినవి చెప్తాను.

ఒకటి, రక్తదాన శిబిరం పెట్టిన ప్రతిసారీ వెనక్కి పంపిన వాళ్ల లిస్టు ఎన్‌ఎస్‌ఎస్ వాళ్లు డాక్టరమ్మకి ఇవ్వాలి. పేర్లు బయటపెట్టక్కర్లేదు. మూడు నెలలకి వాళ్లకి మళ్లీ పరీక్ష చేయించాలి. అమ్మాయిలకి 12, అబ్బాయిలకి 13 కంటే తగ్గితే రక్తహీనత కింద లెక్క, కాబట్టి అబ్బాయిలూ మీరు కూడా తప్పించుకోకండి.

రెండు, గోళీ. 2018లో మొదలైన అనీమియా ముక్త్ భారత్ మార్గదర్శకాల్లో 10 నుంచి 19 ఏళ్ల వాళ్లకీ, 20 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లకీ వారానికి ఒక ఐరన్ ఫోలిక్ గోళీ ఉంది. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం. బడిలో ఉన్నప్పుడు నాకు నీలం గోళీ ఇచ్చారు. కాలేజీలో ఈ మూడేళ్లలో ఒక్కటీ చూడలేదు. పక్కనే ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి ప్రిన్సిపాల్ గారి సంతకంతో ఒక ఉత్తరం రాసి అడుగుదాం. ఎవరికి వాళ్లు మెడికల్ షాపులో కొనుక్కుని మింగేయొద్దు. రక్తం తగ్గడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, ముందు పరీక్ష, తర్వాతే మందు.

మూడు, మెస్. ఆకుకూరలో ఇనుము ఉన్నా ఒంటికి పట్టేది తక్కువ. పక్కన నిమ్మకాయ బద్దో, ఉసిరి పచ్చడో ఉంటే ఎక్కువ పడుతుంది. భోజనం అవగానే టీ తాగితే తక్కువ పడుతుంది. అంటే తోటకూర పప్పు రోజున నిమ్మబద్ద పెట్టి, టీ గంట ఆలస్యం చేస్తే చాలు. దీనికి బడ్జెట్ మీటింగ్ కూడా అక్కర్లేదు.

నాలుగు, మన ప్రాజెక్టులు. ఈసీఈ వాళ్లు సూది లేకుండా వేలి మీద కాంతి వేసి హిమోగ్లోబిన్ అంచనా కట్టే పరికరాల మీద పని చేయొచ్చు. సీఎస్‌ఈ వాళ్లు ఒంట్లో ఇనుము రాకపోకల్ని మోడల్ చేయొచ్చు. పైన నేను చేసిన 50, 7, 1 లెక్క దానికి మొదటి మెట్టు. ఎంత మంచి మోడల్ రాస్తే రేపు అన్ని తక్కువ పందిపిల్లలు కావాలి. జంతు ప్రేమ అంటే వాట్సాప్ స్టేటస్ ఒక్కటే కాదు కదా.

లేడీస్ హాస్టల్ తరఫున ఆ ఉత్తరం డ్రాఫ్టు నేను రాసి పెట్టాను. వచ్చే శిబిరం లోపు ఇచ్చేయాలి. సంతకాలు కావాలి, అబ్బాయిల హాస్టల్ నుంచి కూడా.